చెప్పుకోండి చూద్దాం, నేనెవరిని? దూరాన ఉన్న మిత్రులతో ఏ ఆట ఎంచుకోవాలి

ఒకరు మనసులో ఒక ప్రసిద్ధుడి పేరు అనుకుంటారు. తక్కినవాళ్లు ప్రశ్నలు వేసి ఆ పేరును బయటికి లాగుతారు. ఆట ఇంతే. పొడుపు కథ విప్పినప్పుడు కలిగే ఆనందమే ఇందులోనూ ఉంటుంది. అయితే ఈ ఒక్క ఆటకే ఎన్నో రూపాలున్నాయి. అందరూ ఒకే గదిలో ఉంటే ఏ రూపమైనా సాగిపోతుంది. వీడియో కాల్‌లో మాత్రం సాగదు. గదిలో కడుపుబ్బ నవ్వించిన ఆటే తెర మీదికి వచ్చేసరికి చప్పబడిపోతుంది. ఎవరూ పట్టించుకోని మరో ఆట రాత్రి పన్నెండు దాటినా వదలనివ్వదు.

మేం ఆరుగురం మిత్రులం. చదువులు అయ్యాక తలోదిక్కుకూ చేరాం. నెలకు రెండు మూడుసార్లు ఫోన్లలో, కంప్యూటర్లలో కలుసుకుని ఈ ఆటలు ఆడుతుంటాం. మొదట్లో ఏ ఆట దొరికితే అది ఆడేవాళ్లం. ఒక రాత్రి నేను చేసిన పొరపాటుతో ఆ పద్ధతి మారింది. ‘నేనెవరిని?’ ఆటలో ఒక మిత్రురాలికి పాతకాలపు చదరంగం ఆటగాడి పేరు ఇచ్చాను. ఆమెకు చదరంగంతో పరిచయమే లేదు. ‘క్రీడాకారుడు’, ‘చదరంగం’ అన్నదాకా చకచకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత వేయడానికి ఆమె దగ్గర ప్రశ్నే లేదు. తెర మీద ఆ చిన్న చతురస్రంలో ఆమె ముఖం వాడిపోవడం అందరం చూశాం. తప్పు ఆమెది కాదు, పేరు ఇచ్చిన నాది. ఆ రోజు నుంచి ఆట పేరు తర్వాత, ఆడేవాళ్ల సంగతి ముందు చూసుకుంటున్నాం.

## ముందుగా చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఎదురుచూపు. మీ వంతు అయ్యాక మళ్లీ మీ వంతు వచ్చేదాకా ఎంతసేపు ఊరికే కూర్చుంటారు? గదిలో అయితే పక్కవాళ్లతో గుసగుసలాడవచ్చు, లేచి అటూ ఇటూ తిరగవచ్చు. కాల్‌లో ఒకరు మాట్లాడుతుంటే తక్కిన అందరూ మౌనంగా ఉండాలి. ఐదు నిమిషాలు దాటితే మనసు పక్కనున్న మరో తెర మీదికి పోతుంది. ఆట చెడడానికి తొంభై పాళ్లు కారణం ఇదేనని నా నమ్మకం.

రెండోది, అందరికీ తెలిసిన పేర్ల పరిధి. ఒకే ఈడువాళ్లు, ఒకేలాంటి చదువులు చదివినవాళ్లు అయితే ఏ పేరైనా నడుస్తుంది. సినిమాలు చూడనివారో, క్రికెట్ పట్టనివారో, పన్నెండేళ్ల పిల్లలో బృందంలో ఉంటే పరిధి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. కొన్ని ఆటలు ఈ తేడాను కప్పేస్తాయి, కొన్ని ఎత్తి చూపిస్తాయి.

మిగిలినవి తేలిగ్గా తేలేవే. ఎంతమంది ఉన్నారు, ఎవరి ఇంటర్నెట్ ఎలా ఉంది, కెమెరా ముందుకు రావడం అందరికీ ఇష్టమేనా, ముందుగా పని చేసి పెట్టే ఓపిక ఎవరికైనా ఉందా అన్నవి. కాల్ నిడివి కూడా గుర్తుంచుకోవాలి. ఉచిత ఖాతాతో జూమ్‌లో 40 నిమిషాలకు సమావేశం ఆగిపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది చేరితే 60 నిమిషాలు దొరుకుతాయి.

| ఆట | ఎంతమందికి బాగుంటుంది | ముందస్తు పని | ఊరికే కూర్చునే సమయం | కెమెరా |
|---|---|---|---|---|
| ఇరవై ప్రశ్నలు | 3 – 6 | లేదు | తక్కువ | అక్కర్లేదు |
| నేనెవరిని? | 4 – 6 | కొద్దిగా | మధ్యస్థం | కావాలి |
| తొలి అక్షరం ఆట | 3 – 5 | లేదు | చాలా తక్కువ | అక్కర్లేదు |
| మూడు విడతల ఆట | 6 – 10 | కొద్దిగా | తక్కువ | తప్పనిసరి |
| ముఖాల పలక | 2 | ఒకసారి చేస్తే చాలు | లేదు | అక్కర్లేదు |
| క్విజ్ గది | 8, ఆ పైన | ఎక్కువ | లేదు | అక్కర్లేదు |
| అకినేటర్‌తో పోటీ | 2 – 5 | లేదు | తక్కువ | అక్కర్లేదు |
| గ్రూపులో నిదానపు ఆట | ఎంతమందైనా | లేదు | వర్తించదు | అక్కర్లేదు |

## ఇరవై ప్రశ్నలు

19వ శతాబ్దం నుంచి ఇళ్లలో ఆడుతున్న ఆట ఇది. 1946లో అమెరికా రేడియోలోకి, మరుసటి ఏడాది బీబీసీ రేడియోలోకి కూడా వచ్చింది. మాట తప్ప మరేమీ అక్కర్లేదు కాబట్టే రేడియోకు సరిపోయింది. ఇంటర్నెట్ నీరసంగా ఉన్న రోజున మనకూ అందుకే సరిపోతుంది. వీడియో ఆపేసి గొంతులతోనే ఆడవచ్చు.

ఇరవై చాలా తక్కువ అనిపిస్తుంది గాని, నిజానికి చాలా ఎక్కువ. ప్రతి ప్రశ్నా మిగిలిన పేర్లను సరిగ్గా సగానికి చీల్చగలిగితే, ఇరవై ప్రశ్నలతో 10,48,576 పేర్లలోంచి ఒక్కదాన్ని పట్టుకోవచ్చు. కిటుకంతా ఆ చీల్చడంలో ఉంది. మా ఆటల్లో ఒకటి ఇలా నడిచింది:

– నిజంగా జీవించిన వ్యక్తేనా? అవును.
– ఇప్పుడు జీవించి ఉన్నారా? లేరు.
– 1900 తర్వాత కూడా జీవించారా? అవును.
– కళలు, క్రీడలు, రాజకీయాలు, వీటిలో ఏదైనా ఒక రంగానికి చెందినవారా? కాదు.
– శాస్త్రవేత్తా? అవును.
– పురుషుడా? కాదు.
– నోబెల్ బహుమతి వచ్చిందా? అవును.
– రెండుసార్లు వచ్చిందా? అవును.

ఎనిమిది ప్రశ్నల్లో మేరీ క్యూరీ దొరికిపోయారు. 1903లో భౌతికశాస్త్రానికి, 1911లో రసాయనశాస్త్రానికి నోబెల్ అందుకున్న మహిళ ఆమే. నాలుగో ప్రశ్నను మళ్లీ చూడండి. మూడు రంగాలను ఒకే ప్రశ్నలో కట్టేసి అడిగారు. ‘సినిమా నటుడా?’, ‘క్రికెటరా?’ అని విడివిడిగా అడిగేవాళ్లు సగం ప్రశ్నలు అక్కడే ఖర్చు పెట్టేస్తారు.

తెలుగులో ఆడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. మన క్రియలు గుట్టు దాచవు. ‘ఇప్పుడు లేడు’ అన్నామంటే మగవాడని తెలిసిపోయింది. ‘లేదు’ అంటే స్త్రీ. మన్నన కూడా జాడ చెబుతుంది. పురాణ పాత్రలను ‘వచ్చాడు, చేశాడు’ అంటాం, నిన్నమొన్నటి పెద్దలను ‘వచ్చారు, చేశారు’ అంటాం. ఆ ఒక్క ‘డు’తో హనుమంతుడు పట్టుబడిపోయిన ఆటలు నాకు తెలుసు. అందుకని పేరు దాచుకున్నవారు ఎవరి గురించైనా ‘ఉన్నారు, లేరు’ అనే అనాలి. వివరణ ఇవ్వవలసి వస్తే ‘ఈ వ్యక్తి’ అంటే సరిపోతుంది. కొత్తవాళ్లకు ఇది ముందే చెప్పి పెట్టండి.

ఇందులో లోటు ఒకటుంది. గట్టిగా మాట్లాడే ఇద్దరే ఆటను నడిపేస్తారు. ప్రశ్నలు వరసలో ఒక్కొక్కరూ వేయాలన్న నియమం పెడితే సర్దుకుంటుంది. కాల్‌లో మాటలు ఒకదానిమీద ఒకటి పడడమూ తగ్గుతుంది.

## నేనెవరిని?

నుదుటి మీద చీటీ అంటించుకుని ఆడే ఆట. ఇక్కడ పేరు మీకు తప్ప అందరికీ తెలుసు. ఈ తలకిందుల అమరికే దీని అందం. మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఐదు ముఖాలు నవ్వు ఆపుకోవడం చూడడం ఒక పండగ. అందుకే ఇది కెమెరాలు వేసుకుని ఆడవలసిన ఆట. ముఖాలు కనిపించకపోతే సగం పోయినట్టే.

ఆన్‌లైన్‌లో చీటీ ఎలా? అందరికీ విడివిడిగా సందేశాలు పంపుకోవడం తలనొప్పి. మేం కనిపెట్టిన తేలిక దారి ఇది. మీ వంతు వచ్చినప్పుడు మీరు కళ్లు మూసుకుంటారు. మీకు పేరు ఇచ్చేవారు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కెమెరాకు చూపిస్తారు. అందరూ తమ దగ్గర రాసుకున్నాక మీరు కళ్లు తెరుస్తారు. ఇందులో రెండు చిక్కులున్నాయి. నేపథ్యాన్ని మసక చేసే సదుపాయం వేసి ఉంటే, ఎత్తి పట్టుకున్న కాగితాన్ని కూడా అది మింగేస్తుంది. ముందే ఆపేయండి. రెండోది, సాధారణంగా మన బొమ్మ మనకు అద్దంలోలా కనిపిస్తుంది కాబట్టి అక్షరాలు తిరగబడినట్టుంటాయి. కంగారుపడి తిప్పి రాయకండి. అవతలివాళ్లకు సవ్యంగానే కనిపిస్తుంది.

‘అవును’ వచ్చినంతసేపూ అడుగుతూ పోవచ్చు, ‘కాదు’ రాగానే వంతు మారుతుంది అన్నది మామూలు నియమం. ఆరుగురి మధ్య ఇది ఎదురుచూపును పెంచుతుంది. ఒకరికే వరసగా ఏడెనిమిది ‘అవును’లు పడిన రోజులున్నాయి. మూడు ప్రశ్నల పరిమితి పెట్టుకోవడం మేలు.

పేర్ల పరిధి సమస్య అన్నిటికన్నా ఎక్కువగా బాధించేది ఇక్కడే. ఇరవై ప్రశ్నల్లో ఒకరికి పేరు తెలియకపోతే మరొకరు అందుకుంటారు. ఇక్కడ ఆ మనిషి ఒంటరి. అందుకని ‘ఈ పేరు ఆమెకు తెలుసా?’ అన్నది కాదు, ‘ఈ పేరు గురించి ఆమె మూడు విషయాలు చెప్పగలదా?’ అన్నది చూడాలి. చెప్పలేదనిపిస్తే పేరు మార్చండి. కొత్తగా పరిచయమైనవాళ్లతో ఈ ఆట మొదలుపెట్టవద్దని నా గట్టి సలహా.

## తొలి అక్షరం ఆట

ఇంగ్లీషువాళ్లు దీన్ని ‘బాటిచెల్లి’ అంటారు. అనుకున్న వ్యక్తి కనీసం ఆ ఇటలీ చిత్రకారుడంత ప్రసిద్ధుడై ఉండాలన్నది నియమం. నిండుగా చదువుకున్న నలుగురు దొరికితే దీన్ని మించిన ఆట లేదు.

పేరు దాచుకున్నవారు తొలి అక్షరం మాత్రమే చెబుతారు. ‘వ’ అన్నారనుకుందాం, మనసులో ఉన్నది వేమన. అడిగేవాళ్లు నేరుగా అడగకూడదు. అదే అక్షరంతో మొదలయ్యే మరో వ్యక్తిని తలచుకుని చిన్న పొడుపు వేయాలి. ‘మిమ్మల్ని ఆదికవి అంటారా?’ ‘కాదు, నేను వాల్మీకిని కాదు.’ ‘చెవి కోసుకున్న చిత్రకారులా?’ ఇక్కడ పేరు దాచుకున్నవారికి విన్సెంట్ వాన్ గో తట్టలేదనుకోండి, అప్పుడు అడిగినవారికి ఒక నేరు ప్రశ్న దక్కుతుంది: ‘మీరు కవులా?’ ‘అవును.’ ఇలా అంగుళం అంగుళంగా దగ్గరికి వస్తారు. రెండువైపులా మెదడుకు పనే. ఎవరూ ఊరికే కూర్చోరు.

తెలుగులో ఆడితే రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. ‘వ’ అంటే వా, వి, వే అన్నీ వస్తాయా? రానివ్వండి, లేకపోతే పేర్లు దొరకవు. ఇక విశ్వనాథన్ ఆనంద్ ‘వ’ కిందికి వస్తారా, ‘ఆ’ కిందికి వస్తారా? పి.వి. నరసింహారావు ‘ప’నా, ‘న’నా? తగువు ఎప్పుడూ ఇక్కడే పుడుతుంది. రెండూ చెల్లుతాయని ఒప్పుకుంటే గొడవ ఉండదు.

చదివినదాంట్లో తేడాలున్న బృందానికి ఇది తగదు. తెలిసినవాళ్లు రెక్కలు విప్పుకుంటారు, తెలియనివాళ్లు మైకు మూసుకుంటారు.

## మూడు విడతల ఆట

అన్నిటిలో నాకు అత్యంత ఇష్టమైనది ఇదే. ఎనిమిది మంది కలిసినప్పుడు వేరే ఆలోచనే అక్కర్లేదు.

రెండు జట్లు కడతారు. ఒక్కొక్కరూ ఐదేసి పేర్లు ఇస్తారు. మొదటి విడతలో ఒకరు నిమిషంపాటు ఎన్ని మాటలతోనైనా పేరును వర్ణిస్తారు, సొంత జట్టు చెప్పాలి. పేర్లన్నీ అయ్యాక అవే పేర్లు మళ్లీ వస్తాయి. ఈసారి ఒకే ఒక్క మాట. మూడో విడతలో మాటే లేదు, అభినయమే.

దీని గొప్పతనం అవే పేర్లు మళ్లీ మళ్లీ రావడంలో ఉంది. మొదటి విడతలో ఒక పేరు మీకు తెలియదనుకోండి. ‘చంద్రుడి మీద మొదట కాలు పెట్టినవాడు, 1969’ అని ఎవరో వర్ణిస్తారు, నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అని తేలుతుంది. రెండో విడతకు ‘చంద్రుడు’ అంటే చాలు, మీరే అరిచి చెబుతారు. మూడో విడతకు ఎవరో కుర్చీలోంచి లేచి బరువు లేనట్టు ఒక అడుగు వేయగానే అందరికీ తెలిసిపోతుంది. తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ మధ్య ఉన్న తేడా ఆట నడుస్తుండగానే చెరిగిపోతుంది. చదరంగం పేరుతో నేను ఇబ్బంది పెట్టిన ఆ మిత్రురాలు ఈ ఆటలో మా అందరినీ ఓడిస్తుంది.

పేర్లు ఎక్కడ దాచాలన్నదే చిక్కు. అందరూ చూడగల పట్టికలో పెడితే గుట్టు రట్టవుతుంది. మా పద్ధతిలో ప్రతి జట్టూ ఎదుటి జట్టుకు పేర్లు సమకూరుస్తుంది. ఎదుటి జట్టు నాయకుడు ఆడేవారికి ఒక్కొక్క పేరూ విడి సందేశంలో పంపుతాడు, గడియారమూ అతనే చూస్తాడు. అలాగైతే ఆడకుండా కూర్చునే మధ్యవర్తి అవసరం ఉండదు. అభినయం విడతలో కెమెరాకు నాలుగడుగులు వెనక్కి వెళ్లి నిలబడాలి. భుజాల పైభాగం మాత్రమే కనిపిస్తే కళ్లతో, కనుబొమలతో ఎంతని చెప్పగలం?

కెమెరాకు సిగ్గుపడేవారుంటే మూడో విడత బలవంతం చేయవద్దు. రెండు విడతలతోనూ ఆట నిండుగానే ఉంటుంది. ఇంటర్నెట్ ఆగి ఆగి వచ్చే చోట మాత్రం అభినయం వ్యర్థం.

## ముఖాల పలక

ఇద్దరే ఉన్నప్పుడు ఆడేది. థియో కోస్టర్, ఓరా కోస్టర్ దంపతులు రూపొందించగా 1979లో మార్కెట్లోకి వచ్చిన బల్ల ఆట దీనికి మూలం. పలక మీద 24 ముఖాలు ఉంటాయి. ‘కళ్లజోడు ఉందా?’, ‘టోపీ ఉందా?’ అని అడుగుతూ కానివాటిని మూసేస్తూ పోవాలి. పాత పలకలో ఆడవాళ్లు ఐదుగురే ఉండేవారు. కాబట్టి ‘స్త్రీయా?’ అని మొదటే అడగడం తెలివైన ప్రశ్న కాదు, చాలాసార్లు ఐదు ముఖాలే పోతాయి. సగానికి చీల్చే ప్రశ్నలు పడితే 24లోంచి ఒకరిని తేల్చడానికి ఐదు చాలు.

మిత్రుల కోసం సొంత పలక చేసుకోవచ్చు. 24 మంది ప్రసిద్ధుల చిత్రాలు ఒక పేజీలో అమర్చి ఇద్దరూ దగ్గర పెట్టుకోవడమే. పేర్లు కళ్ల ముందే ఉంటాయి కాబట్టి పిల్లలతో ఆడడానికి ఇంతకన్నా మంచిది లేదు.

## క్విజ్ గది

నార్వేలో పుట్టి 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చిన కహూట్ లాంటి క్విజ్ వేదికల్లో ఒకరు ఆతిథ్యం ఇస్తారు, తక్కినవాళ్లు ఫోన్లలో జవాబులు నొక్కుతారు. ఎంతమంది ఉన్నా అందరూ ఒకేసారి ఆడతారు. బిడియం ఉన్నవారు నోరు విప్పకుండానే గెలవవచ్చు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడం కాబట్టి తెలియనివారూ ఊహించగలరు.

దీనికి చెల్లించవలసిన మూల్యం ఆతిథేయుడి శ్రమ. మంచి ఆధారాలతో పదిహేను ప్రశ్నలు తయారు చేయడానికి సాయంత్రమంతా పడుతుంది. వేగానికి మార్కులు ఉంటాయి కాబట్టి ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్నవారు ఊరికే వెనకబడతారు. ప్రశ్నకు గడువు పెంచితే కొంత న్యాయం జరుగుతుంది. అలాగే, టైపు చేసే జవాబులు తెలుగులో పెట్టకండి. ఐన్‌స్టీన్, ఐన్‌స్టయిన్, ఐన్‌స్టైన్ ముగ్గురూ ఒకరేనని యంత్రానికి తెలియదు. బొమ్మలు గీసి చెప్పించే ఆటల్లోనూ ఇదే ఇబ్బంది.

## అకినేటర్‌తో పోటీ

2007లో ఫ్రాన్సులో మొదలైన ఈ ఇంటర్నెట్ ఆటలో తెర మీది భూతం ప్రశ్నలు వేసి మీ మనసులోని పేరు చెబుతుంది. ఒంటరిగా ఆడడం అందరికీ తెలిసిందే. ఒకరు తెర పంచుకుని జవాబులు నొక్కుతుంటే తక్కినవాళ్లు భూతం కన్నా ముందే పేరు చెప్పాలన్న పందెం పెట్టుకోండి. అందరూ కాల్‌లో చేరేదాకా పొద్దుపుచ్చడానికి చక్కగా పనికొస్తుంది. మరో ఉపయోగం కూడా ఉంది. మీరు ఇవ్వబోయే పేరు మరీ మారుమూలదా అని సందేహం వస్తే ముందు భూతం మీద ప్రయోగించి చూడండి. అదే తడబడితే మీ మిత్రులను ఆ పేరుతో కష్టపెట్టవద్దు.

## గ్రూపులో నిదానపు ఆట

వేళలు కలవని మిత్రుల కోసం. ఒకరు పేరు అనుకుంటారు, తక్కినవాళ్లు రోజుకు ఒక్కొక్క ప్రశ్న గ్రూపులో వేస్తారు. ఒక్క పేరు వారం నడుస్తుంది. పొద్దున్నే లేచి రాత్రి వచ్చిన జవాబులు చదివి, తీరిగ్గా ఆలోచించి అడిగే ప్రశ్నలో ఉన్న పదును కాల్‌లో రాదు. ఇంటర్నెట్‌లో వెతుక్కోవడాన్ని ఎవరూ ఆపలేరు కాబట్టి ఇక్కడ దాన్ని అనుమతించండి, పేర్లు కాస్త కఠినంగా ఇవ్వండి. మధ్యలో పేరు మార్చలేదని నమ్మకం కుదరాలంటే, ఆడని ఒక మిత్రుడికి ఆ పేరు మొదటే పంపి ఉంచాలి.

## ఎవరికి ఏది

కొత్త పరిచయాలైతే మూడు విడతల ఆట. మంది తక్కువైతే ఇరవై ప్రశ్నలు. ఏళ్లనాటి స్నేహితులైతే ‘నేనెవరిని?’ ఆడండి, ఎవరికి ఏ పేరు నప్పుతుందో మీకే తెలుసు. పెద్దలూ పిల్లలూ కలిసి ఉంటే ‘నేనెవరిని?’ వద్దు. ఇద్దరేసి జంటగా మూడు విడతల ఆట ఆడవచ్చు, ప్రతి జంటలో ఒక పెద్ద, ఒక పిల్ల ఉండేలా చూడండి. పదిమంది దాటితే, శ్రమపడే ఒకరు దొరికితే, క్విజ్ గది. దొరకకపోతే రెండు కాల్‌లుగా విడిపోవడమే నయం. పదిమందితో ఇరవై ప్రశ్నలు ఆడబోయి చేతులు కాల్చుకున్నాం.

మొదటిసారి పిలుస్తున్నట్లయితే రెండు ఆటలు సిద్ధంగా ఉంచుకోండి, ఒకటి మాటలతో సాగేది, ఒకటి కెమెరాతో సాగేది. ఆ రోజు ఎవరి ఇంటర్నెట్ మొరాయిస్తుందో ముందుగా తెలియదు. పేర్ల జాబితా మాత్రం కాల్ మొదలవక ముందే రాసి పెట్టుకోవాలి. పేరు తట్టక ఒకరు ఆలోచిస్తూ కూర్చుంటే, మూడు నిమిషాల ఆ మౌనంలోనే అందరి చేతులూ ఫోన్ల మీదికి వెళ్లిపోతాయి.